పట్టా ఒకరిది, పట్టాలు ఇంకొకరివి

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014 అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి రెండు రాష్ట్రాలు, పదేళ్ల ఉమ్మడి రాజధాని, కృష్ణా నీళ్ల తగువు. అదే చట్టం చివర్లో 13వ షెడ్యూల్ అని ఒకటి ఉంది. చదవడానికి టీ తాగినంత సేపు కూడా పట్టదు. రైల్వే జోన్, కోచ్ ఫ్యాక్టరీ, మూడు విమానాశ్రయాల విస్తరణ, రెండు చోట్ల మెట్రో, తెలంగాణలోని వెనుకబడిన ప్రాంతాలకు రోడ్లు, కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కు వేగంగా వెళ్లే రైలు, రోడ్డు అన్నీ అందులోనే ఉన్నాయి. రవాణాకు సంబంధించిన ఇన్ని కోరికలను ఒకేచోట పార్లమెంటు చట్టంలో రాసిపెట్టడం మన దేశంలో అరుదు.

ఇందులో ఎంత అమలైంది అన్న వాదన ఎన్నికల సభల్లో నడుస్తూనే ఉంటుంది. ఆ వాదనలో ఎక్కువగా వినపడని సంగతి ఒకటుంది. ఈ పనులన్నిటిలో నిర్ణయం ఢిల్లీది, నేల రాష్ట్రానిది. రైలు పట్టాలు కేంద్రం వేయాలి, అవి పరచాల్సిన నేల పట్టా రాష్ట్రం రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది. ఏ ప్రాజెక్టు ఎక్కడ ఆగిందో చూస్తే చాలాసార్లు ఈ రెండూ కలవాల్సిన చోటే ఆగి ఉంటుంది.

ముందు చట్టంలోని మాటలు చూద్దాం. 93వ సెక్షన్ ప్రకారం, 13వ షెడ్యూల్‌లో చెప్పిన చర్యలన్నిటినీ కేంద్రం అపాయింటెడ్ డే నుంచి పదేళ్లలోగా తీసుకోవాలి. అపాయింటెడ్ డే, అంటే రెండు రాష్ట్రాలు ఏర్పడిన రోజు, 2014 జూన్ 2. అంటే గడువు 2024 జూన్ 2 నాటికి ముగిసింది. ఇక షెడ్యూల్‌లోకి వెళ్తే, రైల్వే జోన్ ఏర్పాటును భారతీయ రైల్వే ఆరు నెలల్లోగా ‘పరిశీలిస్తుంది’, త్వరగా నిర్ణయం తీసుకుంటుంది. తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను కూడా ఆరు నెలల్లో ‘పరిశీలిస్తుంది’. విశాఖ, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాలను అంతర్జాతీయ స్థాయికి పెంచడాన్ని ‘పరిశీలిస్తుంది’. విశాఖలో, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతంలో మెట్రోను ఏడాదిలోగా ‘పరిశీలిస్తుంది’.

‘చూద్దాంలే’ అన్న మాటకు మన ఇళ్లల్లో ఎంత విలువ ఉంటుందో ఈ ‘పరిశీలిస్తుంది’కి చట్టంలో దాదాపు అంతే. పరిశీలించాం, కుదరదని తేలింది అని ఫైలు మూసేసినా చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు. ఇస్తామని చట్టంలోనే ఉందన్న వాదన ఈ మాట దగ్గరే బలహీనపడుతుంది. చట్టంలో ఉన్నది ఇస్తామని కాదు, చూస్తామని.

అలాగని తప్పంతా క్రియాపదం మీద వేసేయడానికీ లేదు. అదే షెడ్యూల్‌లో అన్నిటికంటే గట్టిగా రాసిన అంశం దుగరాజపట్నం ఓడరేవు. దాన్ని భారత ప్రభుత్వం ‘అభివృద్ధి చేస్తుంది’ అని, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తవుతుందని తేదీతో సహా రాశారు. ఆ రేవు రాలేదు. మెత్తగా ‘పరిశీలిస్తుంది’ అని రాసిన జోన్ మాత్రం ఆలస్యంగానైనా వచ్చింది. చేయకపోతే ఏం జరుగుతుందో ఈ షెడ్యూల్ ఎక్కడా చెప్పదు. జరిమానా లేదు, జవాబు చెప్పాల్సిన అధికారి లేడు, గడువు దాటితే ఎక్కడికి వెళ్లాలో లేదు. గడువు దాటాకా హామీ బతికే ఉందా లేదా అన్నది కూడా స్పష్టంగా లేదు. అలాంటప్పుడు క్రియ గట్టిదైనా, మెత్తదైనా పని జరగడం వేరే కారణాల మీద ఆధారపడుతుంది. రాజకీయ అవసరం ఒకటి, ఖర్చు పంపకం ఇంకొకటి, భూమి మూడోది.

ఎవరి జాబితాలో ఏముంది

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రైల్వేలు కేంద్ర జాబితాలో 22వ అంశం. పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ రహదారులుగా ప్రకటించిన రోడ్లు 23వది. విమానాలు, విమాన మార్గాలు, విమానాశ్రయాలు 29వది. రాష్ట్ర జాబితాలో 13వ అంశం కింద మిగిలిన రోడ్లు, వంతెనలు, రేవు పడవలు, రోప్‌వేలు, మున్సిపల్ ట్రామ్‌వేలు ఉన్నాయి. ఇంజిను లేని బండ్లు కూడా అదే అంశంలో ఉన్నాయి కాబట్టి, ఎడ్లబండి మీద శాసనం చేసే అధికారం అసెంబ్లీకే ఉంది. ఇంజిను బిగిస్తే మాత్రం అది ఉమ్మడి జాబితాలోని 35వ అంశంలోకి వెళ్లిపోతుంది. భూసేకరణ కూడా ఉమ్మడి జాబితాలోదే. కానీ భూమి, భూమి హక్కులు, భూమి రికార్డులు రాష్ట్రాలవి.

ఈ పంపకంలో చిన్న మాటకు పెద్ద పని పడిన ఉదాహరణ హైదరాబాద్ మెట్రో. మెట్రో అంటే రైలే కదా, రైలైతే కేంద్రానిది కావాలి కదా అనిపిస్తుంది. అయితే రాజ్యాంగంలో 366వ అధికరణం ‘రైల్వే’ అనే మాటకు నిర్వచనం చెబుతూ, పూర్తిగా ఒక మున్సిపల్ ప్రాంతంలోనే ఉండే ట్రామ్‌వే రైల్వే కిందికి రాదంటుంది. ఆ సందులోంచే 2008లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ ట్రామ్‌వేల చట్టం చేసింది. అంటే అమీర్‌పేట మీద ఎత్తున పరుగెత్తే ఏసీ రైలు, చట్టం దృష్టిలో మొదట ట్రామ్! కలకత్తా వీధుల్లో గంట కొట్టుకుంటూ పోయే పాత ట్రామ్ బండికి వరసకు తమ్ముడు. 2010లో ఎల్‌అండ్‌టీతో ఒప్పందం కుదిరే నాటికి ఉన్నది ఈ చట్టమే. తర్వాత ప్రాజెక్టును కేంద్ర మెట్రో చట్టం కిందికి తెచ్చారు. 2017 నవంబరు 28న మియాపూర్-నాగోల్ మధ్య మొదటి రైలు నడిచింది.

చట్టం మారితే ప్రయాణికుడికేంటి అంటారా? టికెట్ ధర ఎవరు పెంచాలి అన్నది దాంతోనే తేలుతుంది. కేంద్ర చట్టం ప్రకారం ఛార్జీల సవరణకు ఒక కమిటీ వేయాలి, అది చేసే సిఫార్సుకు మెట్రో సంస్థ కట్టుబడాలి. రాష్ట్రం సొంత చట్టం కిందే ఉండి ఉంటే బస్సు ఛార్జీల మాదిరిగా అదీ సచివాలయం మెట్ల మీదే తేలేది.

విశాఖ, విజయవాడ మెట్రోల కథ వేరు. విభజన చట్టం చెప్పినట్టు పరిశీలన మొదలైంది, ఢిల్లీ మెట్రో శ్రీధరన్ సలహాలతో డీపీఆర్‌లూ, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదికలూ, తయారయ్యాయి. ఈలోగా 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చింది. కేంద్రం డబ్బు కావాలంటే ప్రైవేటు భాగస్వామ్యం ఏదో ఒక రూపంలో ఉండాల్సిందేనంది, నగరం మొత్తానికి సమగ్ర రవాణా ప్రణాళిక అడిగింది. పాత డీపీఆర్‌లు మళ్లీ రాయాల్సి వచ్చింది. చట్టం మారలేదు, చట్టాన్ని అమలు చేసే దారిలో విధానం మారింది. పార్లమెంటు ఆమోదించిన షెడ్యూల్ కంటే మంత్రిత్వ శాఖ విడుదల చేసిన విధాన పత్రం బలంగా పనిచేసిన సందర్భం ఇది. షెడ్యూల్‌లోని ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది.

ముడసర్లోవలో 52 ఎకరాలు

రైల్వే జోన్ పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం కేంద్రం ఒక గజిట్ నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. అంత సులువైన పనికి పట్టిన కాలం చూడండి. 2014లో పరిశీలన మాట. 2019 ఫిబ్రవరి 27న, ఎన్నికల ముందు, విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటన. 2025 జనవరి 8న ప్రధాని చేతుల మీదుగా జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన. చట్టం పెట్టిన పదేళ్ల గడువు అప్పటికి దాటి ఏడు నెలలు.

ఈ మధ్యకాలంలో నడిచిన పెద్ద తగువు ప్రధాన కార్యాలయానికి స్థలం. భూమి ఇవ్వలేదని రైల్వే శాఖ, ఇచ్చామని రాష్ట్రం. చూపించిన చోటు ముడసర్లోవ జలాశయం వెనక నీళ్లు చేరే చోటని రైల్వే అభ్యంతరం పెట్టింది. చివరికి 52 ఎకరాల పైచిలుకు భూమి చేతులు మారాకే శంకుస్థాపన రాయి పడింది. వేల కిలోమీటర్ల పట్టాలను పాలించే జోన్, కొన్నేళ్లపాటు విశాఖ శివారులోని కొన్ని సర్వే నంబర్ల దగ్గర ఆగింది. రెండు వైపులా రాజకీయం ఉందన్నది నిజమే. కానీ రాజకీయం నడపడానికి తాడు దొరికింది మాత్రం భూమి దగ్గరే.

ఇంకో సంగతి భూమిది కాదు, డబ్బుది. 2019 ప్రకటనలో విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ను రద్దు చేసి, ఒక ముక్కను విజయవాడ డివిజన్‌లో కలిపి, రెండో ముక్కతో ఒడిశాలోని రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్ పెడతామన్నారు. నూరేళ్లు దాటిన డివిజన్ పోతుందని విశాఖలో గగ్గోలు పుట్టింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర క్యాబినెట్ మనసు మార్చుకుంది. పలాస-విశాఖ-దువ్వాడ, విజయనగరం-కూనేరు, బొబ్బిలి-సాలూరు వంటి సుమారు 410 కి.మీ. లైన్లతో డివిజన్‌ను ఉంచి, విశాఖపట్నం డివిజన్‌గా పేరు మార్చారు. కొత్తవలస నుంచి బైలదిల్లా గనుల వైపు వెళ్లే లైనుతో కలిపి సుమారు 680 కి.మీ. రాయగడకు వెళ్లింది. ఇనుప ఖనిజం మోసే గూడ్సు రైళ్లు తిరిగేది ఆ లైను మీదే, సరుకు రవాణా ఆదాయంలో పెద్ద భాగం దానిదే. జోన్ విశాఖకు వచ్చింది, ఖనిజం లైను భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వే జోన్‌కు మిగిలింది. షెడ్యూల్‌లో జోన్ అనే మాటే ఉంది కానీ అందులో ఏ లైన్లు ఉండాలో లేదు కాబట్టి దీన్ని చట్టం పేరుతో ప్రశ్నించే దారి కూడా లేదు.

కాజీపేట వాళ్ల బాధ ఇంకా పాతది. కోచ్ ఫ్యాక్టరీ మాట అక్కడ 1980ల నుంచి వినపడుతోంది. అప్పట్లో ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు వెళ్లింది. విభజన చట్టంలో మళ్లీ ఆ మాట వచ్చాక, కాజీపేటకు ముందు అనుకున్నది కోచ్ ఫ్యాక్టరీ కాదు, పాత వ్యాగన్లను విప్పి బాగుచేసే వర్క్‌షాప్. తర్వాత అది వ్యాగన్ల తయారీ అయింది. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి 521 కోట్ల రూపాయల ఆ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. కోచ్‌లు కూడా తయారుచేసేలా యూనిట్‌ను పెంచే నిర్ణయం ఆ తర్వాత వచ్చింది. ఇక్కడా అయోధ్యాపురం దగ్గర భూమి రైల్వే చేతికి వచ్చేదాకా ఏళ్లు గడిచాయి.

గేటు దగ్గర లెక్క

కేంద్రం, రాష్ట్రం కలిసి పనిచేయడం అంటే ఏమిటో చూడాలంటే ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. ఊరి చివర రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే చాలు. గేటు మీద వంతెన, అంటే ఆర్వోబీ, కావాలని ఊరంతా అడుగుతుంది. రైల్వే దగ్గర దానికో లెక్క ఉంది. రోజుకు వెళ్లే రైళ్ల సంఖ్యను గేటు దాటే బండ్ల యూనిట్లతో గుణిస్తారు. దాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే, వంతెన ఖర్చు రైల్వేకు సగం, రాష్ట్రానికి సగం అన్నది చాలాకాలంగా నడిచిన పద్ధతి. ఈ లెక్కలో కారుకు ఒక యూనిట్, ఎడ్లబండికీ ఒక యూనిట్. ఆటోకు అర. మోటారు సైకిల్‌కు పావు. రోజుకు 60 రైళ్లు తిరిగే గేటులో 1,700 యూనిట్ల బండ్లు దాటితే లక్ష దాటినట్టే. ఇప్పుడు ఊళ్లలో తిరిగేవి ఎక్కువగా బైకులే కాబట్టి గేటు దగ్గర వరస ఎంత పొడుగ్గా ఉన్నా లెక్క అంత తొందరగా పెరగదు. నాలుగు బైకులు కలిస్తే ఒక ఎడ్లబండి!

లెక్క కుదిరి మంజూరైనా, పట్టాల మీది భాగాన్ని రైల్వే కడుతుంది, రెండు వైపులా ఎక్కే, దిగే అప్రోచ్‌లను రాష్ట్రం కట్టాలి. అప్రోచ్‌లకు ఇళ్లు, కొట్లు తీయాలి. పరిహారం ఇవ్వాలి. దాంతో పట్టాల మీద ముక్క తయారై, అటూ ఇటూ మట్టి పోయక, ఎక్కడానికి దారి లేకుండా గాల్లో నిలబడిన వంతెనలు మన జిల్లాల్లో కొత్తేం కాదు. ఒకే వంతెనకు రెండు టెండర్లు, ఇద్దరు ఇంజినీర్లు, రెండు బడ్జెట్లు.

కొత్త లైన్లదీ ఇదే పద్ధతి. రైల్వేకు లాభం కనపడని లైను కావాలంటే రాష్ట్రం భాగం పెట్టాలి. మనోహరాబాద్-కొత్తపల్లి లైను 151 కి.మీ. దీనికి రాష్ట్రం భూమి ఉచితంగా ఇవ్వాలి, ఖర్చులో మూడో వంతు భరించాలి, మొదటి అయిదేళ్ల నష్టాన్నీ భరించాలి. 2016 ఆగస్టులో కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు మొదటి రైలు వచ్చింది. సగం దారే అయినా ఏడేళ్లలో రైలు కదలడానికి పెద్ద కారణం, రాష్ట్రం భూమి చేతిలో పెట్టడం.

ఇటు కోనసీమ చూడండి. కోటిపల్లి-నర్సాపురం లైను 57 కి.మీ. 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. ఖర్చులో పావు వంతు రాష్ట్రం ఇవ్వాలి. ఎన్నో బడ్జెట్లు దాటిపోయాయి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన లైనునే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో పీకేసి పట్టాలు తీసుకుపోయారు. మళ్లీ రైలు వచ్చింది 2004లో. ఆ పక్క ఊళ్ల వాళ్లకు రైల్వే విషయంలో ఓపిక నేర్పాల్సిన పని లేదు.

ఏటా బడ్జెట్ రోజున ఎంపీలు, విలేకరులు మొదట తెరిచేది పింక్ బుక్. ఏ లైనుకు ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. కొన్ని లైన్ల ఎదురుగా వెయ్యి రూపాయలు అని ఉంటుంది. వందల కోట్ల పనికి వెయ్యి రూపాయలేమిటని నవ్వొస్తుంది. దానర్థం పని చేస్తామని కాదు, పేరు కొట్టెయ్యలేదని. రాష్ట్రం వాటా రాలేదని రైల్వే, రైల్వే కదలడం లేదు కాబట్టి మా వాటా ఎందుకని రాష్ట్రం. ఇద్దరి మధ్యా ఆ వెయ్యి రూపాయల గీత.

రోడ్డు పేరు మారితే

రహదారుల విషయంలో రాష్ట్రానికి సొంత అధికారం ఎక్కువే ఉంది. అయినా ప్రతి రాష్ట్రమూ తన రోడ్లను కేంద్రానికి అప్పగించడానికే ఉత్సాహపడుతుంది. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద నోటిఫికేషన్ వస్తే ఆ రోడ్డు ఖర్చు ఢిల్లీది అవుతుంది కాబట్టి. విభజన చట్టం కూడా తెలంగాణ వెనుకబడిన ప్రాంతాల రోడ్ల బాధ్యతను నేరుగా కేంద్రం జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ మీద పెట్టింది. 2014లో తెలంగాణలో సుమారు 2,500 కి.మీ. ఉన్న జాతీయ రహదారులు ఆ తర్వాత దాదాపు రెట్టింపయ్యాయి. షెడ్యూల్‌లోని అంశాల్లో ఎక్కువ కదలిక కనపడేది ఇక్కడే.

అయితే ‘సూత్రప్రాయంగా’ జాతీయ రహదారి అనే దశ ఒకటి ఉంది. కేంద్రం ఒప్పుకుంది, గజిట్ ఇంకా రాలేదు. ఎలాగూ పోయే రోడ్డే కదా అని రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్‌అండ్‌బీ) గుంతలు పూడ్చడానికి వెనకాడుతుంది. ఇంకా రాలేదు కదా అని కేంద్రం రూపాయి ఇవ్వదు. అల్లుడు ఇల్లరికం వస్తానన్నాడు, ఇంకా రాలేదు అన్నట్టు ఉంటుంది ఆ రోడ్డు పరిస్థితి. ఆ దారిన పోయేవాడి నడుముకు మాత్రం సూత్రప్రాయం అంటూ ఏమీ ఉండదు.

రోడ్డు పేరుకు ఎంత విలువుందో 2016 డిసెంబరులో తెలిసింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణాలు కదల్చడం కంటే రోడ్ల పేర్లు మార్చడం సులువని కొన్ని రాష్ట్రాలకు తోచింది. ఊళ్లలోంచి వెళ్లే రాష్ట్ర రహదారులు రాత్రికి రాత్రి జిల్లా రోడ్లు, మున్సిపల్ రోడ్లు అయిపోయాయి. రోడ్డు అదే, తారు అదే, జీవో మారింది.

జాతీయ రహదారికైనా భూమి తీసుకునే పద్ధతి చూస్తే రాష్ట్రం ఎంత లోపల ఉందో తెలుస్తుంది. ముందు భూమి తీసుకోబోతున్నామని జాతీయ రహదారుల చట్టంలోని 3ఏ సెక్షన్ కింద నోటిఫికేషన్ వస్తుంది. పేపర్లో సన్న అక్షరాల్లో సర్వే నంబర్ల పట్టిక పడుతుంది. నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి 21 రోజుల్లో రైతు అభ్యంతరం చెప్పుకోవాలి. ఏడాదిలోగా భూమి తీసుకున్నామని చెప్పే 3డీ ప్రకటన రావాలి, లేకపోతే 3ఏ చెల్లదు. 3డీ వచ్చిన రోజే భూమి కేంద్రానిది అయిపోతుంది, పరిహారం ఎంతో తేల్చే అవార్డు తర్వాత వస్తుంది. ఈ చట్టం కేంద్రానిది, రోడ్డు కేంద్రానిది. కానీ విచారణకు కూర్చునేది చాలాచోట్ల ఆర్డీవోనో జాయింట్ కలెక్టరో, అంటే రాష్ట్ర రెవెన్యూ అధికారులే. కొలిచేది రాష్ట్ర సర్వేయరు. రైతు తిట్టేదీ వాళ్లనే.

ధర దగ్గర ఇంకో మెలిక ఉంది. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారుల భూసేకరణకూ 2013 భూసేకరణ చట్టం పరిహారమే వర్తిస్తుంది. మార్కెట్ విలువ కట్టి, పల్లెల్లో అయితే దాన్ని గుణకంతో పెంచి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం, కలపాలి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మార్కెట్ విలువకు మొదటి ఆధారం రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలోని రేటు, చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్ల సగటు. మన దగ్గర పొలం కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ మిగుల్చుకుందామని కాగితం మీద తక్కువ రాయిస్తారు. ఎకరం 60 లక్షలకు చేతులు మారినా దస్తావేజులో 12 లక్షలే ఉంటే, హైవే వచ్చిన రోజు చట్టం నమ్మేది ఆ 12 లక్షలనే. రెండింతలు, నాలుగింతలు అన్నా లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే. ఆ పుస్తకంలో రేటు సవరించే అధికారం రాష్ట్రానిదే. రోడ్డు వస్తుందని తెలిసీ ఏళ్లతరబడి సవరించకపోతే ఆ లోటు రైతు నెత్తిన పడుతుంది.

హైదరాబాద్ చుట్టూ ఉన్న రెండు వలయాల్ని పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 158 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డు రాష్ట్రం చేతిలోది. అందుకే 2023లో దాని టోల్ వసూలు హక్కును 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ల పాటు లీజుకు ఇవ్వగలిగింది. ఆ డబ్బూ రాష్ట్రానిదే, ఆ నిర్ణయం మీద వచ్చిన విమర్శా రాష్ట్రానిదే. దానికి బయట వచ్చే రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం, సంగారెడ్డి నుంచి గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 160 కి.మీ., జాతీయ రహదారి. కట్టేది కేంద్రం, భూమి ఖర్చులో సగం రాష్ట్రం. అలైన్‌మెంట్ ఇటు జరపండి, అటు జరపండి అని రైతులు వెళ్లేది మాత్రం కలెక్టరేట్‌కే.

రన్‌వే కింద పొలం

విమానాశ్రయాల దగ్గరికి వస్తే రాష్ట్రం పాత్ర ఇంకా చిత్రంగా ఉంటుంది. లైసెన్సు, భద్రత, గాలిలో దారి అన్నీ కేంద్రానివి. రాష్ట్రం చట్టం చేయడానికి ఇక్కడ దాదాపు ఏమీ లేదు. అయినా రాష్ట్రం కదలకుండా ఒక్క రన్‌వే కూడా పొడుగవదు.

గన్నవరం మంచి ఉదాహరణ. రన్‌వేను 3,360 మీటర్లకు పెంచడానికి సుమారు 700 ఎకరాలు కావాల్సి వచ్చింది. డబ్బు రూపంలో పరిహారం ఇచ్చే బదులు, రాష్ట్రం రాజధాని అమరావతి కోసం తన సొంత చట్టం కింద నడిపిన భూసమీకరణను ఇక్కడికీ తెచ్చింది. రన్‌వేకు పొలం ఇచ్చిన రైతుకు అమరావతిలో ప్లాటు. 2017లో కేంద్రం గన్నవరానికి అంతర్జాతీయ హోదా ఇచ్చింది. విమానం దిగింది, ఆ ప్లాట్ల విలువ మాత్రం రాజధాని రాజకీయంతో పాటు కిందా మీదా పడింది. ఒక విమానాశ్రయం పరిహారాన్ని ఇంకో నగరం భవిష్యత్తుకు కట్టేయడం తెలివైన ఆలోచనే, అందులో ఉన్న రిస్కంతా రైతు భుజాల మీద పెట్టడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

విశాఖలో పాత విమానాశ్రయం నేవీ ఆధీనంలోని ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. చట్టం అడిగింది దాని విస్తరణ. నేవీ అవసరాల మధ్య అది కుదరదని, భోగాపురంలో కొత్తది కట్టాలని తేలింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు, 2023 మేలో జగన్‌మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఒకే విమానాశ్రయానికి రెండు రాళ్లు. మధ్యలో కేటాయించే భూమి 2,200 ఎకరాలకు తగ్గింది.

వరంగల్ మామునూరు చూస్తే ఒక కాంట్రాక్టు కాగితం చట్టం కంటే గట్టిగా ఎలా అడ్డుపడుతుందో కనిపిస్తుంది. నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ అది. 1981 దాకా విమానాలు దిగాయి. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో జీఎంఆర్ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. విమానాశ్రయం తెరిచిన 25 ఏళ్ల దాకా, చుట్టూ 150 కి.మీ. లోపల ఇంకో విమానాశ్రయానికి అనుమతి ఇవ్వకూడదు. శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో. అంటే 2033 దాకా వరంగల్‌కు దారి లేదు. ఆ షరతు రాసుకున్న రోజున తెలంగాణ రాష్ట్రమే లేదు. చివరికి శంషాబాద్ సంస్థ బోర్డు అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకు ఆమోదం ఇచ్చింది. అంతకు ముందే, 2024 నవంబరులో, రాష్ట్రం 253 ఎకరాల సేకరణకు 205 కోట్ల రూపాయలు విడుదల చేసింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దగ్గర 696 ఎకరాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. రన్‌వే పొడిగింపుకు తగ్గింది ఆ చివరి పొలాలే.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో రాష్ట్రమే సొంతంగా విమానాశ్రయం కట్టింది, 2021 మార్చిలో తెరిచింది. కట్టడం వరకూ సరే, విమానాలు రావాలంటే ఎయిర్‌లైన్స్‌కు గిట్టుబాటు కావాలి. అక్కడ రాష్ట్రం చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇంధనం మీద పన్ను. విమాన ఇంధనం జీఎస్టీ బయటే ఉంది, దాని మీద వ్యాట్ ఎంతన్నది రాష్ట్రం ఇష్టం. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్‌లో చేరే చిన్న విమానాశ్రయాల్లో రాష్ట్రం ఆ వ్యాట్‌ను ఒక శాతానికి తగ్గించాలి, టికెట్ సబ్సిడీలో 20 శాతం భరించాలి. ఆకాశం కేంద్రానిదే కానీ ట్యాంకు నింపే దగ్గర రాష్ట్రం నిలబడి ఉంటుంది.

షెడ్యూల్‌లో చివరి దాకా మిగిలిపోయిన అంశాల్లో ఒకటి, కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కు వేగవంతమైన రైలు. 2024 అక్టోబరు 24న, గడువు దాటిన ఐదో నెలలో, కేంద్ర క్యాబినెట్ ఎర్రుపాలెం-అమరావతి-నంబూరు లైనుకు ఆమోదం తెలిపింది. 57 కి.మీ., 2,245 కోట్ల రూపాయలు, కృష్ణ మీద 3.2 కి.మీ. వంతెన. ఎర్రుపాలెం ఖమ్మం జిల్లాలో ఉంది, నంబూరు గుంటూరు జిల్లాలో. మధ్యలో ఎన్‌టీఆర్ జిల్లా. లైను ఒకటే, భూమి రికార్డులు మాత్రం రెండు రాష్ట్రాలవి. ఎర్రుపాలెం రైతు తన సర్వే నంబరును తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ భూభారతిలో వెతుక్కుంటాడు, సరిహద్దు దాటాక అదే లైను కింద పొలం పోయే రైతు ఆంధ్రప్రదేశ్ పోర్టల్ మీభూమిలో అడంగల్ తీసుకుంటాడు.